ణ లేని పిలుపు

ఈ సంగతి నేను ఇంతకుముందు రాయలేకపోయాను. చాలాకాలం దాకా నాకు అక్షరాలే రాలేదు. తల నెరిశాక, పక్క గల్లీలో ఒక టీచరమ్మ ఆడవాళ్లకు తెలుగు చెబుతుంటే వెళ్లి నేర్చుకున్నాను. అన్నీ వచ్చాయి గాని ఒక అక్షరం దగ్గర చెయ్యి ఆగిపోయేది. ‘ణ’. నేను ఎవరి గురించి రాయాలనుకున్నానో ఆ మనిషి పేరులో అది ఉంది. నా పేరులోనూ ఉంది. పలకమంటే నా నోరు ‘న’ అంటుంది. రాయమంటే బలపం అక్కడిదాకా వెళ్లి నిలబడిపోతుంది. “వంకరలు ఎక్కువని భయపడుతున్నావా?” అని టీచరమ్మ నవ్వేది. వంకరలకు కాదు. ఆ అక్షరాన్ని ఒక మనిషి ఎంత వెతికాడో, అది దొరక్క దాని చోట ఏం పెట్టాడో, తర్వాత ఏం జరిగిందో నాకు తెలుసు. అందుకు భయం.

నిన్న సాయంత్రం లోకల్ రైల్లో వస్తున్నాను. ఎందుకో డబ్బాలో జనం తక్కువ. తలమీద ఫ్యాన్ కూడా తిరగడం లేదు. “పుఢీల్ స్టేషన్” అంది పైనుంచి మరాఠీలో ఆడగొంతు, వచ్చే స్టేషన్ అని. తర్వాత ఒక చిన్న ఖాళీ. ఆ తర్వాత “గ్రాంట్ రోడ్”. రోజూ వినేదే. నిన్నటి నిశ్శబ్దంలో మాత్రం ఆ ఖాళీ కొట్టొచ్చినట్టు వినిపించింది. ముందు మాట ఒక రోజు అన్నది, స్టేషన్ పేరు ఇంకో రోజు ఇంకో ఊపిరితో అన్నది. రెండింటినీ తెచ్చి పక్కపక్కన పెట్టారు. గొంతు ఒకటే, మనిషీ ఒకటే, కానీ ఆ మాట మొత్తంగా ఆమె ఎప్పుడూ అనలేదు. గొంతులో అతుకు ఎక్కడుందో వినడం నాకు నేర్పినవాడు నారాయణ మామ.

పెళ్లయి పాలమూరు వైపు నుంచి కామాటిపురా వచ్చినప్పుడు నాకు ఇక్కడ ఎవరూ తెలియదు. మా ఆయన పొద్దున బిల్డింగ్ పనికి పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. మా ఖోలీ ఒంటిగది, వరస ఇళ్ల చాల్‌లో మొదటి అంతస్తు మీద. సరిగ్గా దాని కింద నారాయణ మామ, సుశీలత్త ఉండేవాళ్లు. మామ తాత ఈ ఊళ్లో రాళ్లు మోయడానికి వచ్చినవాడట. మామ ఇక్కడే పుట్టాడు. ఫోరస్ రోడ్డు మీద ఆయనకు రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. గిరాకీకి వచ్చినవాళ్లతో మరాఠీ, ఇంట్లో తెలుగు, స్క్రూ జారిపడితే హిందీ.

నన్ను చేరదీసింది సుశీలత్త. మా చాల్‌కు నల్లా నీళ్లు మధ్యాహ్నం వచ్చేవి. అందరికీ ఒకటే నల్లా. నీళ్లు రాగానే అత్త కిందినుంచి గొంతెత్తి “బాలమనీ, నీళ్లొచ్చినయే!” అని పిలిచేది. నేను బిందె తీసుకుని దిగేసరికి నా కోసం వరసలో చోటు ఆపి ఉంచేది. ఎవరైనా అడ్డం వస్తే “అది నా బిడ్డ జాగా, జరుగు” అనేది. ఆమెకు పిల్లలు లేరు.

అత్త మామను పేరుతో పిలిచేది కాదు. మాలో ఎవరం పిలవం. మొగుడి పేరు నోటితో అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మాకు ఉగ్గుపాలతో చెప్పారు. “ఇగో” అనేది, “ఏమయ్యో” అనేది. ఒకసారి రేషన్ కార్డు కోసం వెళితే గుమాస్తా భర్త పేరు అడిగాడట. ఈమె చెప్పదు. ఆయన వదలడు. వెనక వరసలో జనం కేకలు. చివరికి అత్త తెలివిగా “అదే సాబ్, పున్నమికి పూజ జేసుకుంటరు గద, ఆ దేవుడు” అంది. గుమాస్తా సంతోషంగా సత్యనారాయణ అని రాసుకున్నాడు. మామ బతికున్నన్నాళ్లూ ఆ కార్డులో అదే పేరు. “నా పెండ్లాం పుణ్యాన దేవునికి రేషన్ వస్తున్నది, నాకు లేదు” అనేవాడు మామ. అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. “ఒక్కపారి పిలువే. సచ్చిపోతనా?” అని మామ అడగడం నా చెవులతో విన్నాను. “నీ నోట్లె మన్నువడ. ఆ మాట అనకు” అని ఆమె నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఒక వానాకాలం జ్వరం వచ్చి ఆమే పోయింది. పిలవకుండానే పోయింది.

మామ దుకాణం తెరవడం తగ్గించాడు. పని ఇంటికి తెచ్చుకునేవాడు. తలుపు దగ్గరికి వేసి ఉండేది. నీళ్ల వేళ ఇప్పుడు నన్ను ఎవరూ పిలవరు కాబట్టి నేనే చెవి వేసి వినేదాన్ని. అలా వింటున్న ఒక మధ్యాహ్నం కిందినుంచి సుశీలత్త గొంతు వినిపించింది. “చాయ్ తాగుతవా?”

ఆమె గొంతే. కానీ రేకుడబ్బాలోంచి వచ్చినట్టు, మాట చుట్టూ పేలాలు వేగుతున్నట్టు చిటపట. కాసేపాగి మళ్లీ “చాయ్ తాగుతవా?” అదే సాగదీత, అదే ఎత్తు. మనిషి ఒకే మాటను రెండుసార్లు అంటే కొంచెమైనా తేడా ఉంటుంది. ఇందులో లేదు. పక్క ఖోలీ ఎల్లమ్మ బియ్యం ఏరుతూ నా వైపు చూసింది. “నువ్వు గిప్పుడు వింటున్నవా? నేను నిన్నటిసంది వింటున్న. మీ అత్త యాడికీ పోలే. లోపల్నే ఉన్నది” అంది. “పో, నిన్ను బిడ్డ అంటుండె గద. ఏం గావాల్నో అడుగు.”

పట్టపగలు. గల్లీలో ఐస్ బండి అరుపు, పిల్లల గోల. అయినా ఆ మెట్లు ఒక్కొక్కటే ఆగి ఆగి దిగాను. తలుపు నెట్టాను. మామ టీవీ ముందు స్టూలు మీద కూర్చున్నాడు. ఒళ్లో ఒక కీబోర్డు. దాంట్లోంచి ఒక వైరు టీవీకి, ఇంకోటి టేప్‌రికార్డర్‌కు పోతున్నాయి.

“ఏందే, గట్ల తెల్లవడ్డవు? దయ్యం గాదు, కంప్యూటర్” అన్నాడు.

అప్పటికి నేను కంప్యూటర్ చూడలేదు. చోర్ బజార్‌లో ఎవరో పాత సామాన్లతో అమ్మేసిన యంత్రమట. అందులో అన్నీ కీబోర్డులోనే ఉంటాయి, తెర మాత్రం మన టీవీ. పెద్దింటి పిల్లలు ఆటలు ఆడి పారేసినది. మామ దాన్ని విప్పి, తుడిచి, లేపాడు. టేపులోంచి శబ్దాన్ని దాంట్లోకి పంపితే అది లెక్కలుగా మార్చి దాచుకుంటుంది, ఒక మీట నొక్కితే మళ్లీ శబ్దం చేస్తుంది. “దీని కడుపు శాన చిన్నది. రెండు మాటలు వెడితె నిండుతది. మూడోది వెట్టాలంటె ఒకటి కక్కాలె” అన్నాడు.

అత్త గొంతు ఎక్కడిదని అడిగాను. ఆయన ఒక క్యాసెట్ చూపించాడు. బాగుచేసిన ప్రతి టేప్‌రికార్డర్‌ను పరీక్షించడానికి మామ దాంట్లో తన గొంతు రికార్డు చేసి చూసుకునేవాడు. “హలో, హలో, ఒకటి, రెండు” అని. అన్నేళ్లూ అదే క్యాసెట్. అందులో మాట్లాడేది అంతా ఆయనే. అత్త ఎక్కడో వెనక, వంట దగ్గరినుంచి, తలుపు దగ్గరినుంచి. “హలో హలో” కి మధ్య “చాయ్ తాగుతవా?”. “ఒకటి, రెండు” తర్వాత “నాకేం ఎరుక?”. మరో చోట ఎవరినో “లోపలికి రా” అనడం. ఒక చోట నన్ను పిలవడం. “బాలమనీ, నీళ్లొచ్చినయే!” ఆమె రికార్డవుతున్నానని ఒక్కసారి కూడా అనుకోలేదు.

“సూడు” అంటూ మామ మీట నొక్కాడు. టీవీ తెర ఒక్కసారిగా నల్లబడింది. ఆ నలుపులోంచి “చాయ్ తాగుతవా?” అంది అత్త. మాట అయిపోగానే తెర మళ్లీ వెలిగింది. నేను గోడకు ఆనుకున్నాను. “రెండు పనులు ఒక్కపారి చాతగాదు దీనికి” అన్నాడు మామ. “మాట్లాడాలంటె కండ్లు మూసుకోవాలె.”

ఆ తర్వాత రోజూ పని అయ్యాక వెళ్లి కూర్చునేదాన్ని. భయం పోయిందని కాదు. భయం ఉంటేనే వెళ్లేదాన్ని అనిపిస్తుంది ఇప్పుడు. ఒకరోజు మామ ఏదో అంకె తప్పు కొట్టాడు. తెర నల్లబడింది. ఏడెనిమిదేళ్ల ఆడపిల్ల గొంతు సన్నగా, హడావుడిగా “చాయ్ తాగుతవా?” అంది. మామ అంకె ఇటు మార్చాడు. ఈసారి బావిలోంచి ముసలివాడు అడిగినట్టు బొంగురుగా, నిదానంగా వచ్చింది. “మాట అదే బిడ్డా. ఉరికిస్తె పిల్ల, నడిపిస్తె ముసలి” అన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “చిన్నప్పుడు గిట్లనే ఉంటుండెనేమో. నేనెప్పుడు సూసిన? పెండ్లినాడు గద సూసిన.”

ఆయన శబ్దాన్ని తెర మీద బొమ్మగా కూడా చూపించేవాడు. రంపం పళ్లలా గీతలు. ‘చా’ దగ్గర ఒత్తుగా, ‘య్’ దగ్గర పల్చగా. “ఈడ చా అయిపోతది. ఈడ య మొదలైతది. కోస్తె ఊడొస్తది” అనేవాడు. కోసి వినిపించేవాడు. ‘చా’ ఒక్కటే. ‘తా’ ఒక్కటే. మాట అంటే పారే నీళ్లలాంటిది, దాన్ని పట్టుకోలేం అనుకునేదాన్ని నేను. అది ఇటుకల్లా విడివిడిగా ఊడుతుందని, ఊడిన ఇటుకతో ఇంకో గోడ కట్టొచ్చని ఆ గదిలోనే తెలిసింది.

“నాకు సదువు రాదు మామా, నాకెందుకు చెబుతవు?” అన్నాను.

“సదువంటె ఏందనుకున్నవు? గిదే. ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క గుర్తు. చెవులకొచ్చినంక చేతికి రానీకి ఎంతసేపు?”

నేను నవ్వాను. ఆ మాట చేతిదాకా రావడానికి నాకు సగం జీవితం పట్టింది.

ముక్కలు ఎందుకు కోస్తున్నాడో కొన్నాళ్లకు గాని నాకు అర్థం కాలేదు. ఆయన తన పేరు కడుతున్నాడు. “నాకేం ఎరుక” లోంచి ‘నా’. “లోపలికి రా” లోంచి ‘రా’. “చాయ్” తోకలోంచి ‘య’. అత్త బతికుండగా అనని పేరును ఆమె గొంతుతోనే అనిపించాలని. చివరి అక్షరం ఒక్కటే దొరకలేదు. క్యాసెట్ రెండు వైపులా ముందుకీ వెనక్కీ తిప్పాడు. అత్త ఎన్నో మాటలు అంది గాని ఒక్క ‘ణ’ అనలేదు.

“నువ్వన్నా అనవే. నీ పేర్ల ఉన్నది గద” అన్నాడు ఒకరోజు మైకు నా ముందు పెట్టి.

“బాలమని” అన్నాను.

“మని గాదు. మణి. నాలిక మీదికి మలువు.”

“మని.”

“అరే, ణ!”

“న!”

ఆయన మైకు కింద పడేసి పడీపడీ నవ్వాడు. అత్త పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. “మీ ఆడోళ్ల నోర్లల్ల ఆ అచ్చరమే లేదు” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

అప్పుడు నా నోటికి వచ్చింది అనేశాను. “అత్త పిలిచినా ణ అనకపోతుండె గద మామా. నారాయన అంటుండె.”

ఆయన నవ్వు ఆగిపోయింది. నన్ను అలాగే చూశాడు. తర్వాత క్యాసెట్ వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. నన్ను పిలిచిన పిలుపు దగ్గర ఆపాడు. “నీళ్లొచ్చినయే” లో ‘న’ ఉంది.

పైకి వెళ్లి ఎల్లమ్మతో చెప్పాను. ఆమె చేట కింద పెట్టింది. “బతికున్న పెండ్లాం పిలిస్తేనే ఆయుస్సు తక్కువైతది. సచ్చిన పెండ్లాం పిలిస్తె?” అంది. “పోయి వద్దని చెప్పు. నువ్వు జెప్తె ఇంటడు.” మర్నాడు చెబుదామనే వెళ్లాను.

వెళ్లేసరికి పని అయిపోయింది. యంత్రం కడుపులో చోటు చాలక, ఆ ‘న’ను నా పిలుపులోంచి తీసి తన పేరులో పెట్టాడట. “నీది కొంచెం చిల్లువడ్డది, ఏమనుకోకు” అని వినిపించాడు. తెర నల్లబడింది. “బాలమనీ, నీళ్లొచ్చి...యే!” పన్ను ఊడినచోట నాలుక తగిలినట్టు అనిపించింది. “మామా, వద్దు. ఎల్లమ్మ...” అన్నాను. “ఎరుకనే. ఏమంటదో ఎరుకనే” అన్నాడు ఆయన. మీట నొక్కాడు.

తెర నల్లబడింది. “నా...రా...యన.”

అతుకులు తెలుస్తున్నాయి. ‘నా’ విసుగ్గా ఉంది. ‘రా’ ఆదరంగా ఉంది. ‘య’ చాయ్ వేడిలో ఉంది. ‘న’ దూరంగా, నల్లా దగ్గరినుంచి. ఒక్క పేరులో నాలుగు చోట్ల నిలబడి నాలుగు రోజుల సుశీలత్త. అయినా అది పిలుపే. ఎల్లమ్మ పైన తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

నారాయణ మామ వెంటనే, కొంచెం కూడా ఆగకుండా, ఎవరైనా నిజంగా పిలిస్తే పలికినట్టు “ఆఁ, వస్తున్న” అన్నాడు.

అన్నాక ఆయనే ఉలిక్కిపడ్డాడు. మా ఊళ్లో కనిపించని మనిషి పిలిస్తే పలకకూడదని చెబుతారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కొంతసేపటికి ఆయన కీబోర్డు మీద చెయ్యి వేసి, “గిట్లనే అంటుండె. ణ వెట్టి ఉంటె అది సుశీల గాకపోతుండె” అన్నాడు. నేను లేవబోతుంటే ఆపాడు. “ఇను బిడ్డా. నీ మొగన్ని ఒక్కపారన్న పేరు వెట్టి పిలువు. ఆడు బతికున్నప్పుడు, నువ్వు బతికున్నప్పుడు. లేకుంటె నా లెక్క ఎవరో ఒకరు కూసోని ముక్కలు ఏరాలె.”

నేను తల ఊపాను. పిలవలేదు. ఆ రోజు సాయంత్రం మా ఆయన సిమెంటు దుమ్ముతో వచ్చి గడపలో నిలబడితే పేరు గొంతుదాకా వచ్చింది. ‘ఆఁ, వస్తున్న’ గుర్తొచ్చి మింగేశాను.

మామ ఆ తర్వాత కొన్ని నెలలు బాగానే ఉన్నాడు. దుకాణం మళ్లీ తెరిచాడు. పేరును మళ్లీ మోగించాడో లేదో తెలియదు, నేను మాత్రం వినలేదు. ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం నేను వంటింటి మూల తుడుస్తున్నాను. కిందినుంచి “బాలమనీ” అని పిలుపు. అలవాటు ఎంత పాతదైనా చావదు. బిందె తీసుకుని గబగబా దిగాను. నల్లా కింద బిందె పెట్టాను. నీళ్లు నిజంగానే వచ్చాయి. బిందె సగం నిండాక నాకు తెలిసింది, నేను విన్నది “నీళ్లొచ్చి...యే” అని. మధ్యలో చిల్లు ఉంది.

ఎల్లమ్మ బకెట్‌తో దిగుతోంది. “నీళ్లొచ్చినయని నీకెవలు జెప్పిండ్రు?” అని అడిగాను. “నువ్వు ఉరుకుతుంటె సూసి వచ్చిన” అంది. ఆమె ఏమీ వినలేదు. “పొద్దటిసంది కరెంటే లేదు. ఉడికిపోతున్నం” అని కూడా అంది.

బిందె అక్కడే వదిలి మామ తలుపు నెట్టాను. స్టూలు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్లు మూసి ఉన్నాయి. ఒళ్లో కీబోర్డు. తెర నల్లగా ఉంది. టేప్‌రికార్డర్ మూత తెరిచి ఉంది, లోపల క్యాసెట్ లేదు. ముట్టుకుంటే చెయ్యి ఇంకా గోరువెచ్చగా ఉంది. మొహంలో బాధ లేదు. ఏదో అడిగితే జవాబు చెప్పబోతున్నట్టు పెదవులు కొంచెం విడివడి ఉన్నాయి.

గుండె ఆగిందన్నారు. ఎల్లమ్మ ఇంకో మాట అంది, చాల్ అంతా అదే అంది. నేను దేన్నీ కాదనలేదు, ఔననలేదు. ఆ యంత్రాన్నీ క్యాసెట్లనూ దూరపు చుట్టాలెవరో మళ్లీ చోర్ బజార్‌లోనే అమ్మేశారు. నన్ను పిలిచే గొంతు వాటితోనే పోయింది. ఆ రోజు నన్ను పిలిచింది ఎవరో, నీళ్లకే పిలిచారో, మామ ఒక్కడే కూర్చుని ఉన్నాడని చెప్పడానికి పిలిచారో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

టీచరమ్మ దగ్గర మొదటిరోజు ‘చా’ రాసినప్పుడు నాకు తెర మీద ఒత్తుగా ఉన్న రంపం పళ్లు కనిపించాయి. ప్రతి అక్షరం వెనక ఒక గొంతు ఉందని, అది ఒకరు ఎప్పుడో ఎక్కడో నిలబడి అన్నదని నాకు తెలుసు. అందుకే తొందరగా నేర్చుకున్నాను. అందుకే ‘ణ’ దగ్గర ఆగాను. ఆ ఒక్క అక్షరం వెనక నాకు అత్త గొంతు వినిపించదు. మామ వెతికిన చోటే అది ఖాళీగా ఉంది.

నిన్న రైలు దిగి ఇంటికి రాగానే పలక తీశాను. నారాయణ అని రాశాను. చెయ్యి ఆగలేదు. రాసి, చూసి, పైకి చదివితే నా నోటికి ‘నారాయన’ అనే వచ్చింది. పలకలో ఆయన కోరుకున్న పేరు ఉంది, నా నోట్లో ఆమె పిలిచే పేరు ఉంది. ఎవరూ పలకలేదు. అయినా కాసేపు విన్నాను.

ఈ పొద్దున మా ఆయన గడపలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఇప్పుడు పనికి పోవడం లేదు, మోకాళ్లు పోయాయి. పలక తుడిచి ఆయన పేరు రాశాను. అందులో ణ లేదు, అదొక్కటి నయం. తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

“ఏందే ఇది?” అన్నాడు.

“సదువు.”

“నాకొస్తదా? గీతలు గీసినవు. నువ్వే సదువు.”

రాస్తే సరిపోతుందనుకున్నాను. ఆయనకు చదువు రాదన్న సంగతి రాసేటప్పుడు నాకు తోచనే లేదు. పలక వైపు చూస్తూ, ఒక్కో ముక్కా అతుకు తెలియకుండా కలిపి, చదివాను.

ఆయన నా వైపు చూడలేదు. గల్లీ వైపు తిరిగి చూశాడు. అటు ఎవరూ లేరు. “ఎవలే, నన్ను పిలిచింది?” అన్నాడు.

“నేనే” అన్నాను.

గ్లాసు తాగకుండా చేతిలోనే పట్టుకున్నాడు. చాయ్ మీద మీగడ కట్టింది. “ఇంకోపారి సదువు” అన్నాడు.

చదివాను. ఈసారి నా మొహంలోకి చూస్తూ “ఆఁ” అన్నాడు.